పేరు కడుపుది, పని పేగుది

పాలు తాగిన పసివాణ్ణి భుజాన వేసుకుని, తేన్పు వచ్చేదాకా వీపు తట్టి, ఆ తర్వాత పొట్ట నిమురుతూ వాతాపి పేరు తలుచుకోవడం మన ఇళ్ళల్లో ఇంకా పోలేదు. మేక మాంసమై కడుపులోకి వెళ్ళిన ఆ రాక్షసుణ్ణి, అన్న బయటి నుంచి కేక వేసేలోపే అగస్త్యుడు పొట్ట నిమురుకుని అరిగించేసుకున్నాడు. కథకేం, బ్రహ్మాండంగా ఉంది. శరీరశాస్త్రం దగ్గరికి వచ్చేసరికే రెండు చిక్కులు. మాంసం అంత తొందరగా అరగదు. ఎంత మహర్షి అయినా కొన్ని గంటలు ఆగాల్సిందే. పైగా ఆయన నిమిరిన చోటు సరైంది కాదు. అరుగుదలలో అసలు పని డొక్కల కింద ఉన్న కడుపులో జరగదు. ఇంకాస్త కిందన, బొడ్డు చుట్టూ చుట్టలు చుట్టలుగా సర్దుకుని ఉన్న చిన్నపేగులో జరుగుతుంది.

నమ్మబుద్ధి కాకపోతే ఒక ఆపరేషన్ సంగతి చూడండి. 1897లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగరంలో కార్ల్ ష్లాటర్ అనే సర్జన్, క్యాన్సర్ సోకిన ఒకావిడ కడుపును మొత్తంగా తీసేసి, ఆహారవాహిక కొసను తిన్నగా చిన్నపేగుకి కుట్టేశాడు. ఆవిడ కోలుకుంది. తిన్నది ఒంటబట్టింది. ఏడాదికి పైగా బతికింది. ఇప్పుడైతే కడుపు పూర్తిగా లేకుండా ఏళ్ళ తరబడి బతికే వాళ్ళున్నారు. ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి, బీ12 విటమిన్ ఇంజెక్షన్లు మానకూడదు, అంతే. అదే చిన్నపేగులో రెండు మీటర్ల కన్నా తక్కువ మిగిలిందనుకోండి, కడుపు ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు. తిన్నది తిన్నట్టే జారిపోతుంది. చాలామందికి రక్తనాళంలోకి సెలైన్ పెట్టినట్టు పోషకాలు ఎక్కించాల్సి వస్తుంది.

ఒక విస్తరి ముందు కూర్చుందాం. వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి, పక్కన ఆవకాయ బద్ద, చివర్లో పెరుగు. అన్నంలోని పిండిపదార్థం అంటే గ్లూకోజ్ అణువులు వందలు, వేలుగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న గొలుసు. పప్పులోని ప్రోటీన్ అమైనో ఆమ్లాల గొలుసు. నెయ్యిలో ప్రతి కొవ్వు అణువూ ఒక గ్లిసరాల్‌కి మూడు కొవ్వు ఆమ్లాలు తగిలించినది. ఇవేవీ ఉన్నవి ఉన్నట్టుగా పేగు గోడ దాటలేవు. దాటినా చిక్కే, కంది ప్రోటీన్ కందిలాగే రక్తంలో పడితే మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని పగవాడికింద జమకడుతుంది. కాబట్టి దాని పూర్వాశ్రమం గుర్తులు చెరిగిపోయేదాకా విడగొట్టాలి. ఇక్కడ మంట లేదు, మరగడం లేదు. మన ఒంటి వేడి 37 డిగ్రీల్లోనే, ఒక్కో అతుకు దగ్గర ఒక్కో నీటి అణువును చొప్పించి గొలుసును విడగొట్టే పని ఇది. ఆ పని ఎంజైములది.

మొదటి ఎంజైము నోట్లోనే ఉంది. కూరా నారా కలపకుండా ఒట్టి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని ఓ నిమిషం పాటు మింగకుండా నమలండి. చప్పగా ఉన్నది మెల్లగా తియ్యబడుతుంది. లాలాజలంలోని అమైలేజ్ పిండి గొలుసును తెంపి, రెండేసి గ్లూకోజ్‌ల మాల్టోజ్ అనే చక్కెరను విడుదల చేస్తోందన్నమాట. రోజుకి లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. నెయ్యి వేసిన పప్పన్నాన్ని మనం పెద్దగా నమలం, అది దానంతటదే జారుతుంది. పిండి విషయంలో అందువల్ల మునిగిపోయేదేమీ లేదు. ఇదే రకం ఎంజైము ముందు ముందు క్లోమం నుంచి దండిగా వస్తుంది.

మింగేటప్పుడు గొంతులో ఒక చిన్న మూత శ్వాసనాళం మీద వాలుతుంది. అది వాలేలోపు మాట్లాడితే పొలమారుతుంది, ఎవరో తలుచుకుంటున్నారని పక్కవాళ్ళు నెత్తిన తడతారు. అక్కడి నుంచి పాతిక సెంటీమీటర్ల ఆహారవాహికను ముద్ద పది సెకన్లలోపు దాటేస్తుంది. అది పైనుంచి కిందపడటం కాదు, గోడల్లోని కండరాలు వెనక నుంచి నొక్కుతూ పంపడం. శీర్షాసనంలో ఉండి మింగినా ముద్ద కడుపులోకే పోతుంది.

కడుపుకి ఇంత పేరు రావడంలో ఒక తుపాకీ చేయి కూడా ఉందని నాకనిపిస్తుంది. 1822 జూన్ 6న, అమెరికా ఉత్తరాన సరస్సుల మధ్య ఉన్న మాకినా దీవిలో, బొచ్చుతోళ్ళ వ్యాపారం చేసే ఒక కంపెనీ దుకాణంలో తుపాకీ పొరపాటున పేలింది. అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కెనడా కుర్రవాడి ఎడమ డొక్కలో అరచెయ్యంత గాయమైంది. అక్కడి సైనిక శిబిరం డాక్టర్ విలియం బోమాంట్ వచ్చి చూసి, ఈ మనిషి దక్కడనుకున్నాడు. దక్కాడు. కానీ గాయం మానేటప్పుడు కడుపు అంచులు చర్మం అంచులతో కలిసిపోయి, బయటి నుంచి కడుపులోకి ఒక కన్నం శాశ్వతంగా మిగిలిపోయింది.

1825 ఆగస్టు 1 మధ్యాహ్నం పన్నెండు గంటలకి బోమాంట్ ఒక పట్టుదారానికి మాంసం ముక్కలు కొన్ని, వండినవీ పచ్చివీ, ఉప్పు పట్టించిన పంది కొవ్వు, ఎండు రొట్టె, పచ్చి క్యాబేజీ దూరం దూరంగా కట్టి ఆ కన్నంలోంచి లోపలికి దించాడు. ఒంటిగంటకి లాగి చూస్తే రొట్టె, క్యాబేజీ సగం కరిగాయి. మాంసం అలాగే ఉంది. మళ్ళీ దించాడు. రెండు గంటలకి లాగితే రొట్టె, క్యాబేజీతో పాటు పంది కొవ్వు, ఉడికించిన మాంసం కూడా దారం మీద లేవు. మిగతా మాంసం ముక్కలు మాత్రం పెద్దగా చెక్కుచెదరలేదు.  ఆ తర్వాత ఆయన జఠర రసాన్ని బయటికి తీసి, సీసాలో పోసి, ఒంటి వేడికి సమానంగా వెచ్చగా ఉంచి అందులో మాంసం వేశాడు. అది సీసాలోనూ కరిగింది, కాస్త నెమ్మదిగా. కడుపులో ఏ ప్రాణశక్తో పనిచేస్తోందన్న వాదం అక్కడితో బాగా బలహీనపడింది. సెయింట్ మార్టిన్‌కి కోపం వచ్చిన రోజున అరుగుదల మందగించిందని కూడా రాసుకున్నాడాయన. కోపం ఎందుకు రాదు? చదువులేని ఆ కూలీ చేత, ఏడాదికి 150 డాలర్లకి కడుపును అప్పగిస్తూ ఒప్పందం రాయించుకున్నారు. 1833లో పుస్తకం వచ్చి డాక్టర్‌కి పేరొచ్చింది. 1880లో సెయింట్ మార్టిన్ చనిపోయాక, ఆ కడుపు కావాలని డాక్టర్లు ఎక్కడ వస్తారో అని ఇంటివాళ్ళు శవం కుళ్ళేదాకా ఉంచి లోతుగా పాతిపెట్టారు. వాళ్ళు చేసిన పనిలో నాకు తప్పు కనబడదు.

బోమాంట్ ప్రయోగాలు గొప్పవే. కాకపోతే ఆయనకి దొరికిన కిటికీ కడుపు దగ్గర తెరుచుకుంది. తూటా జానెడు కిందికి తగిలి, మనిషి బతికి ఉంటే మన పాఠ్యపుస్తకాల్లో బొమ్మ వేరుగా ఉండేదేమో.

మరి కడుపు చేసేదేమిటి? ముందుగా అది నిలవ చేస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు గిద్దెడు కూడా పట్టని సంచి, భోజనం వేళకి లీటరుకి పైగా పట్టేలా సాగుతుంది. రోజుకి రెండు లీటర్ల దాకా జఠర రసం కారుస్తుంది. అందులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వల్ల లోపలి పీహెచ్ 2 కంటే కూడా కిందికి దిగుతుంది. నిమ్మరసం కంటే ఘాటు. ఆ ఆమ్లం ప్రోటీన్ల ముడులు విప్పుతుంది, నీళ్ళతో తిండితో వచ్చిన సూక్ష్మజీవుల్లో చాలావాటిని చంపుతుంది, పెప్సిన్ అనే ఎంజైమును మేల్కొలుపుతుంది. పెప్సిన్ ప్రోటీన్ గొలుసులను పెద్ద పెద్ద తునకలుగా తెంపుతుంది. ఇంత ఆర్భాటం చేసినా, మొత్తం ప్రోటీన్ అరుగుదలలో కడుపు వాటా పది నుంచి ఇరవై శాతమే. కడుపు అడుగుభాగం నిమిషానికి మూడుసార్లు చొప్పున ముడుచుకుంటూ అన్నాన్ని రుబ్బుతుంది. రెండు మిల్లీమీటర్ల కన్నా చిన్న రేణువులైతేనే కింది ద్వారం వదులుతుంది, అదీ కొంచెం కొంచెంగా. నెయ్యి ఎక్కువైతే ఆ ద్వారం మరీ బిగుస్తుంది. పప్పూ నెయ్యీ వేసుకుని తిన్న రోజున సాయంత్రం దాకా ఆకలి అనిపించకపోవడానికి ఇదో కారణం.

ఆవకాయ గురించి ఒక మాట చెప్పకపోతే గుంటూరు వాళ్ళకి కోపం వస్తుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్ ఆమ్లం కాదు, దేన్నీ కాల్చదు. 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టడానికి మన నరాల్లో ఉన్న గ్రాహకాన్ని పట్టుకుని, కాలుతోందన్న అబద్ధపు కబురు మెదడుకి పంపుతుంది. ఆ గ్రాహకాలు నోట్లోనే కాదు, దారి చివరిదాకా ఉన్నాయి. మర్నాడు పొద్దున ఆ సంగతి తెలిసే ఉంటుంది. అల్సర్ వస్తే కారం తిన్నావనడం మనకి అలవాటు. ఆస్ట్రేలియా డాక్టర్ బ్యారీ మార్షల్ 1984లో హెలికోబ్యాక్టర్ పైలోరీ బాక్టీరియా కలిపిన ద్రవాన్ని తనే గటగటా తాగేసి, కడుపు వాపు తెచ్చుకుని మరీ చూపించాడు. రాబిన్ వారెన్‌తో కలిసి ఆయనకి 2005లో నోబెల్ వచ్చింది. అల్సర్లకి ఆ బాక్టీరియా, నొప్పి మాత్రలు ప్రధాన కారణాలు. ఉన్న పుండు మీద కారం పడితే మండుతుంది, అది వేరే సంగతి.

కడుపు తన ఆమ్లంతో తనే ఎందుకు కరిగిపోదు? గోడకి మందంగా జిగురు పూత, ఆ పూతలో సోడా వంటి క్షారం. కింది కణాలు కొద్ది రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. చిన్నపేగుకి ఆ కవచం అంతగా లేదు. మరి కడుపు నుంచి అంత పుల్లటి గుజ్జు పేగు మొదట్లో పడగానే దాన్ని విరిచేదెవరు?

ఈ ప్రశ్నకి జవాబు లండన్‌లో 1902 జనవరి 16న దొరికింది. విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే ఇద్దరు బావాబావమరుదులు యూనివర్సిటీ కాలేజీలో, మత్తు ఇచ్చిన ఒక కుక్క చిన్నపేగులో చిన్న భాగాన్ని తీసుకుని, దానికి వెళ్ళే నరాలన్నీ కోసేశారు. రక్తనాళాలు మాత్రం ఉంచారు. ఆ భాగంలో కొంచెం ఆమ్లం పోశారు. ఆమ్లం తగిలితే క్లోమం క్షార రసం కారుస్తుందని రష్యాలో పావ్లోవ్ బృందం అప్పటికే చెప్పింది, అయితే అదంతా నరాల పని అని వాళ్ళ నమ్మకం. ఇక్కడ నరమే లేదు. అయినా క్లోమం నుంచి రసం బొట్లు బొట్లుగా పడింది. స్టార్లింగ్ వెంటనే అదే కుక్క పేగు లోపొరను గీకి, ఇసుక, ఆమ్లం వేసి నూరి, వడగట్టి, ఆ కుక్క రక్తనాళంలోకే ఎక్కించాడు. కొద్దిసేపట్లోనే క్లోమం మళ్ళీ కారింది. పేగు తనకి పులుపు తగిలిందని రక్తం ద్వారా కబురు పెడుతోంది! ఆ పదార్థానికి సెక్రిటిన్ అని పేరు పెట్టారు. 1905లో స్టార్లింగ్ ఇటువంటి కబురు పదార్థాలన్నిటికీ హార్మోన్ అనే మాట వాడాడు. ఇన్సులిన్, థైరాయిడ్ అంటూ ఇవాళ మనం చెప్పుకునే విద్య అంతా పేగు దగ్గర మొదలైంది. పావ్లోవ్‌కి 1904లో నోబెల్ వచ్చింది కూడా అరుగుదల మీద చేసిన పనికే. గంట మోగిస్తే కుక్క చొంగ కార్చే కథకి కాదు.

క్లోమం రోజుకి లీటరున్నర దాకా రసం పంపుతుంది. అందులో పిండికీ ప్రోటీన్‌కీ కొవ్వుకీ విడివిడిగా ఎంజైములున్నాయి. ప్రోటీన్‌ని తెంపేవి అన్నీ నిద్రాణ స్థితిలో బయల్దేరతాయి. క్లోమం కూడా ప్రోటీన్ ముద్దే కదా, అక్కడే మేలుకుంటే తల్లినే తినేస్తాయి. పేగు గోడ మీద కూర్చున్న ఎంటరోపెప్టిడేజ్ అనే మరో ఎంజైము తగిలాకే వాటిలో ట్రిప్సిన్ అనేది లేస్తుంది, లేచి మిగతావాటిని లేపుతుంది. పిత్తాశయంలోని రాయి వచ్చి దారికి అడ్డం పడినప్పుడో, తాగుడు ముదిరినప్పుడో ఇవి లోపలే మేలుకుంటాయి. ప్యాంక్రియాటైటిస్ అంటే అదే. వీపులోకి పొడుచుకుపోయే ఆ నొప్పిని చూసినవాళ్ళు అంత తేలిగ్గా మర్చిపోరు.

నెయ్యి సంగతి ఇంకా అలాగే ఉంది. అది నీళ్ళలో కలవదు, కొవ్వు కోసే లైపేజ్ నీళ్ళలో ఉంటుంది, ఇద్దరికీ పొత్తు కుదరదు. ఇక్కడే కాలేయం నుంచి పైత్యరసం వస్తుంది. తలంటు రోజున జిడ్డు తలకి కుంకుడు రసం చేసే పనే పైత్య లవణాలు నెయ్యికి చేస్తాయి. ఒక పక్కతో నూనెను, మరో పక్కతో నీటిని పట్టుకుని పెద్ద బొట్టును సన్నటి తుంపరగా చీలుస్తాయి. అప్పుడు లైపేజ్‌కి అందుతుంది. పని అయ్యాక ఆ లవణాలను పారబోయడం లేదు. చిన్నపేగు చివరి భాగం నూటికి తొంభై ఐదు పాళ్ళు ఏరుకుని కాలేయానికి తిరిగి పంపుతుంది. ఉన్న కొద్ది గ్రాముల సరుకునే శరీరం రోజుకి ఎన్నోసార్లు తిప్పి తిప్పి వాడుకుంటుంది.

ఇక పేగు గోడ. సాగదీస్తే ఆరు మీటర్ల గొట్టం. బతికున్న మనిషిలో కండరాలు బిగుసుకుని ఉంటాయి కాబట్టి అంతకంటే పొట్టిగా ఉంటుంది. లోపల మడతలు, మడతల మీద మిల్లీమీటరు ఎత్తైనా లేని చూషకాలు లక్షల్లో, ఒక్కో చూషకం మీద కణాలు, ఒక్కో కణం నెత్తిన వేలాది సూక్ష్మ నూగు. ఇదంతా పరిస్తే టెన్నిస్ కోర్టంత అవుతుందని ఎన్నో పుస్తకాల్లో రాసేశారు. 2014లో స్వీడన్‌ పరిశోధకులు హెలాండర్, ఫెండ్రిక్స్ మళ్ళీ కొలిచి, జీర్ణనాళం మొత్తానికీ సుమారు 30 చదరపు మీటర్లే, అంటే బ్యాడ్మింటన్ కోర్టులో సగం లోపేనని తేల్చారు. సగమైనా తక్కువేం కాదు, మన పడకగది కంటే పెద్దది.

ఆ నూగు మీదే చివరి ఎంజైములు పాతుకుని ఉన్నాయి. మాల్టోజ్‌ను రెండు గ్లూకోజ్‌లుగా విడగొట్టేది, పంచదారను చీల్చేది, పాలలోని లాక్టోజ్‌ను చీల్చే లాక్టేజ్. ఈ లాక్టేజ్ చంటిపిల్లలందరికీ ఉంటుంది. పెద్దయ్యాక ప్రపంచంలో ఎక్కువమందికి తగ్గిపోతుంది. తగ్గకుండా నిలిచే వాళ్ళలో ఒక చిన్న జన్యు మార్పు ఉంటుంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న ఒక అధ్యయనంలో, మనదేశంలో ఉన్నదీ యూరప్‌లో ఉన్నదీ ఒకటే మార్పని, అది వాయవ్యాన ఎక్కువ, దక్షిణానికీ తూర్పుకీ వచ్చేకొద్దీ తక్కువని తేలింది. గ్లాసుడు పచ్చిపాలు తాగితే కడుపు గడబిడ అయ్యే తెలుగువాళ్ళు గడ్డపెరుగు మాత్రం హాయిగా తింటారు. తోడులోని బాక్టీరియా లాక్టోజ్‌లో కొంత ముందే తినేస్తుంది, మిగతాదాన్ని చీల్చే ఎంజైము కూడా తన వెంట తెస్తుంది. విస్తరిలో చివరికి పెరుగే ఎందుకు నిలిచిందో దీన్ని బట్టి ఊహించవచ్చు.

విడిపోయిన గ్లూకోజ్ కణంలోకి ఎలా వెళుతుందన్నది నా దృష్టిలో ఈ మొత్తం కథలో అన్నిటికంటే విలువైన భాగం. అది ఒంటరిగా వెళ్ళదు. పేగు కణం నెత్తిన ఒక ప్రోటీన్ ఉంది, రెండు సోడియం అయాన్లు తోడొస్తేనే ఒక గ్లూకోజ్‌ను లోపలికి తీసుకుంటుంది. ఉప్పూ చక్కెరా కలిసి లోపలికి పోతే, వాటి వెంట నీళ్ళు తప్పనిసరిగా వస్తాయి. 1960లో రాబర్ట్ క్రేన్ ప్రాగ్‌లో జరిగిన సదస్సులో ఈ ఊహను బయటపెట్టాడు. కలరా సోకినప్పుడు పేగు కణాలు ఉప్పునీటిని కుండపోతగా బయటికి తోడేస్తాయి. అంత విలయంలోనూ ఈ జంట ద్వారం మాత్రం చెడిపోదు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులు లక్షల్లో పశ్చిమ బెంగాల్‌లోకి వచ్చినప్పుడు బొంగావ్ శిబిరంలో కలరా చెలరేగింది. ఆసుపత్రిలో రెండు గదులు, నేల మీద రోగులు, వాంతులూ విరేచనాల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని సూదులు గుచ్చే పరిస్థితి. సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ సాహసం చేశాడు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా చొప్పున పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో కలిపి, తాగించమని రోగుల బంధువులకే ఇచ్చేశాడు. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకి దిగాయి. ఈ శతాబ్దపు వైద్యంలో బహుశా అతిముఖ్యమైన ముందడుగు ఇదేనని 1978లో లాన్సెట్ పత్రిక రాసింది. మన ఇళ్ళల్లో ఉండే ఓఆర్‌ఎస్ పొట్లం, పాళ్ళు కాస్త మారినా, ఈ కోవదే. పొట్లం అందుబాటులో లేకపోతే లీటరు శుభ్రమైన నీటికి ఆరు సమం చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చక్కెర ఎక్కువ వేస్తే మంచిదేగా అనుకోవద్దు, పేగులోకి నీళ్ళు ఎదురు లాగి విరేచనాలు పెరుగుతాయి. ఉప్పు వేసిన గంజి నీళ్ళు పనిచేయడంలోనూ ఈ జంట ద్వారమే ఉంది, అందులోని పిండి పేగులో గ్లూకోజ్ అవుతుంది కాబట్టి.

మామూలు రోజుల్లో కూడా ఈ నీళ్ళ లెక్క తక్కువ కాదు. మనం తాగేది రెండు లీటర్లు, లాలాజలం నుంచి పైత్యరసం దాకా లోపల కారేది ఏడు లీటర్లు. ఈ తొమ్మిదిలో చాలావరకు చిన్నపేగే పీల్చేస్తుంది. చివరికి మలంతో పోయేది నూటయాభై మిల్లీలీటర్లో, కాస్త అటూ ఇటో.

గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు రక్తంలో కలిసి తిన్నగా కాలేయానికి పోతాయి. నెయ్యి దారి వేరు. కణంలోపల మళ్ళీ కొవ్వుగా కూడి, చిన్న చిన్న పొట్లాలై, శోషరస నాళాల్లోకి వెళుతుంది. 1622లో ఇటలీలో గాస్పరే అసెల్లీ అనే వైద్యుడు, బాగా మేసిన ఒక కుక్క పొట్ట తెరిచినప్పుడు పేగు చుట్టూ తెల్లటి సన్నటి తీగలు కనిపించాయి. నరాలనుకున్నాడు. ఒకదాన్ని గుచ్చితే పాలవంటి ద్రవం చిమ్మింది. పస్తున్న కుక్కలో వెతికితే ఆ తీగలు కనబడనే లేదు. ఆ పాలు రక్తంలో కలిసేది పొట్టలో కాదు, ఎడమ మెడ మొదట్లో ఉన్న సిరలో. నెయ్యి వేసుకుని తిన్న కొన్ని గంటలకి రక్తం తీసి నిలబెడితే పైన మసక తెలుపు తేలడానికి కారణం ఇదే, అందుకే కొన్ని రక్తపరీక్షలకి పరగడుపున రమ్మంటారు.

ఈ పేగు గోడ పాడైతే ఏమవుతుందో ఒక తెలుగు కుటుంబానికి తెలుసు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. అందులో చూషకాలు అరిగి చదునవుతాయి. తిండి ఉంటుంది, ఒంటికి పట్టదు. చూషకాల మీది కణాలు మూడు నుంచి ఐదు రోజుల్లో రాలిపోయి కొత్తవి రావాలి. కొత్తవి పుట్టడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. దాన్ని పీల్చాల్సిందీ ఈ కణాలే. ఒకసారి గోడ దెబ్బతింటే ఫోలిక్ ఆమ్లం అందదు, అందకపోతే గోడ లేవదు. అమెరికా వెళ్ళిన సుబ్బారావు, లెడర్లీ ప్రయోగశాలలో తను నడిపిన బృందంతో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయించారు. 1948లో, ఆయన చనిపోయిన ఏడాదే, అదే ప్రయోగశాల నుంచి టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ వచ్చింది. ఇప్పుడు ఉష్ణదేశాల స్ప్రూకి డాక్టర్లు రాసే మందులు ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. ఇంత సూటిగా లెక్క తీరడం వైద్య చరిత్రలో అరుదు.

పెద్దపేగు గురించి క్లుప్తంగా చాలు. కందిపప్పు, శనగపప్పు, అలసందల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలున్నాయి. వాటిని తెంపే ఎంజైము మనకి లేదు. పెద్దపేగులోని బాక్టీరియాకి ఉంది. అవి పులియబెట్టుకుని తింటాయి, వాయువు మనకి మిగులుతుంది. పప్పును నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే కొంత తగ్గుతుంది. ఒట్టి వాయువే కాదు, పీచు నుంచి, చల్లారిన అన్నంలో గట్టిపడి చిన్నపేగుకి లొంగని పిండి నుంచి ఈ బాక్టీరియా బ్యూటిరేట్ వంటి ఆమ్లాలు తయారుచేస్తుంది. పెద్దపేగు కణాలకి ముఖ్యమైన తిండి అదే.

కాబట్టి తిన్నది అరగడం లేదు డాక్టర్ గారూ అన్నప్పుడు, ఆయన పొట్ట మొత్తాన్ని ఒకటిగా చూడడు. నాలుగు ముద్దలకే నిండిపోయినట్టుంటే, పుల్లటి తేన్పులు వస్తే కడుపు వైపు చూస్తాడు. పాలు తాగిన గంట రెండు గంటల్లో ఉబ్బి విరేచనమైతే లాక్టేజ్ మీద అనుమానం. మధ్యాహ్నం అలసందలు తిని సాయంత్రానికి గ్యాస్ అంటే పెద్దపేగు బాక్టీరియా పని, చాలావరకు జబ్బే కాదు. బాగా తింటున్నా బరువు తగ్గుతూ, నీరసం, రక్తహీనత కూడా ఉంటే చిన్నపేగు. మలం జిడ్డుగా, నీళ్ళ మీద తేలుతూ, ఎన్ని నీళ్ళు పోసినా పోకుండా ఉంటే కొవ్వు అరగడం లేదని, క్లోమమో పైత్యరసమో అందడం లేదని. దీనికి గ్యాస్ మాత్ర వేసుకుని ఊరుకోకూడదు. మల పరీక్ష, స్కానింగ్ చేయించాలి.